హట్టిలో తేలిన సీనియారిటీ

బుల్‌బుల్ ఎయిర్‌ను నీలాంబర్ ఎయిర్‌వేస్‌లో కలిపేస్తున్నారని తెలిసిన రోజున రెండు కంపెనీల పైలట్లూ ఒకరికొకరు కేకులు పంపుకున్నారు. మూడు నెలలు తిరిగేసరికి ఎయిర్‌పోర్టులో ఎదురుపడినా మొహాలు తిప్పేసుకుంటున్నారు.

జీతాల పేచీ ఒకటుంది గానీ, అసలు గొడవ ఒక్క జాబితా దగ్గర వచ్చింది. తొమ్మిది వందల అరవై మంది పైలట్ల పేర్లు వరసగా రాయాలి. పేరు పైనున్నవాళ్ళకి ముందు ప్రమోషను, ముందు సెలవు, కోరుకున్న ఊరు. కిందున్నవాళ్ళకి వాళ్ళు వదిలేసింది.

నీలాంబర్ ముప్పై ఏళ్ళ కంపెనీ. అక్కడ కెప్టెన్ కావాలంటే పదేళ్ళు, పన్నెండేళ్ళు కుడివైపు కుర్చీలో కో-పైలట్‌గా కూర్చోవాల్సిందే. బుల్‌బుల్ పుట్టి ఎనిమిదేళ్ళే అయింది. గబగబా విమానాలు కొన్నది, నాలుగేళ్ళ సర్వీసుకే కెప్టెన్లను చేసింది. చేరిన తేదీ చూసి రాయండి అంటుంది నీలాంబర్ యూనియన్. అలా రాస్తే బుల్‌బుల్ కెప్టెన్లలో సగంమంది మళ్ళీ కో-పైలట్లయిపోతారు. ఇప్పుడున్న హోదా చూసి రాయండి అంటుంది బుల్‌బుల్ యూనియన్. అలా రాస్తే నీలాంబర్‌లో పదేళ్ళు కాచుకున్నవాళ్ళు ఇంకో పదేళ్ళు కాచుకోవాలి.

ఢిల్లీలో ఒకసారి, ముంబైలో ఒకసారి, బెంగళూరులో రెండుసార్లు కూర్చుని మాట్లాడారు. ఆఖరిసారి ఎవరో నీళ్ళ సీసా విసిరారు. మధ్యవర్తిగా ఉన్న రిటైర్డ్ జడ్జిగారికి విసుగెత్తిపోయింది. "సోమవారం పొద్దునకి ఇద్దరూ ఒప్పుకున్న జాబితా నా బల్ల మీద ఉండాలి. లేదంటే నేనే రాస్తాను," అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన రాసేది ఎవరికీ మింగుడుపడదని రెండు పక్షాలకీ తెలుసు. అయినా ఎవరూ ఒక్క మెట్టు దిగలేదు.

బుల్‌బుల్ యూనియన్ కార్యదర్శి దేవిక. ముప్పై ఒక్కేళ్ళు. నాలుగేళ్ళుగా కెప్టెన్. జడ్జిగారి మాట విన్నాక ఆమెకి రెండు రోజులు నిద్ర లేదు. శుక్రవారం బస్సెక్కి రాయచూరు జిల్లా జవళగేర పక్కన, ఆంధ్రా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపులో ఉన్న పుట్టింటికి వచ్చేసింది. కాలవకి నీళ్ళొచ్చి వారమైంది. ఊరంతా నాట్ల హడావిడి. శనివారం పొద్దున దేవిక అరుగు మీద కూర్చుని, చేతిలో పెసరట్టు చల్లారిపోతుంటే ఫోన్‌లోని జాబితానే చూస్తోంది.

"ఆ ఫోన్లో అట్టు ముంచుకు తింటావా ఏంటే?" అంది నాయనమ్మ లక్ష్మీతిరుపతమ్మ.

"నాయనమ్మా, నీలాంబర్ వాళ్ళ తరఫున మాట్లాడేది బసవరాజ్ అనీ, ఒక మొండిఘటం. మూడు నెలలుగా ఇంగ్లీషులో నా ప్రాణం తోడేస్తున్నాడు. మొన్న కాఫీ మిషన్ దగ్గర వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. తెలుగు! 'అమ్మా, శుక్రవారం హట్టికి వస్త' అంటున్నాడు."

"హట్టి అంటే? మన హట్టేనా? బంగారం గనులు?"

"ఆఁ. మనకి రెండున్నర గంటల దూరం. ఢిల్లీ, ముంబై అంతా తిరిగి కొట్టుకున్నాం. ఇద్దరం ఒకే జిల్లావాళ్ళమని ఇద్దరికీ తెలీదు."

లక్ష్మీతిరుపతమ్మ పళ్ళెం కింద పెట్టింది. "అయితే కూర్చున్నావేం? లే. వెళ్దాం."

"ఎక్కడికి?"

"హట్టికి. ఈ నేలకి వచ్చి యాభై ఏళ్ళయింది. పక్కనే బంగారం తవ్వుతున్నారంటారు. ఒక్కసారైనా చూపించారా మీ తాతయ్యగానీ, మీ నాన్నగానీ?"

అవతలివాళ్ళతో విడిగా మాట్లాడకూడదని యూనియన్‌లో గట్టిగా అనుకున్నారు. ఆ సంగతి నాయనమ్మకి చెప్పడానికి దేవిక నోరు తెరిచేలోపే ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చేసింది. ఉత్త చేతులతో ఎవరింటికీ వెళ్ళకూడదని పాతిక కిలోల సోనామసూరి బస్తా కూడా బండిలో వేయించింది. బాబాయి కొడుకు కోటి బొలెరో తీశాడు. సింధనూరు దాటారు, మస్కి దాటారు. పచ్చటి మళ్ళు పోయి ఎర్రనేల, కంది చేలు వచ్చాయి. దారిపొడుగునా దేవిక ఏం మాట్లాడాలో లోపల లోపల అప్పజెప్పుకుంటూనే ఉంది. నాయనమ్మ మాత్రం ప్రతి గుట్టనీ చూపించి, "ఇదేనట్రా కోటీ?" అంటోంది.

"అది క్వారీ నాయనమ్మా, కంకర."

"ఇదో?"

"అదీ కంకరే."

లింగసుగూరు దాటి హట్టి చేరాక, అడుగుతూ అడుగుతూ గని మనుషుల క్వార్టర్స్‌కి వెళ్ళారు. వరసగా ఒకే రకం ఇళ్ళు. పైలట్ ఇల్లు ఎక్కడని అడిగితే ఒకరికి నలుగురు దారి చూపించారు. బండి దిగిన దేవిక గుమ్మం దగ్గర ఆగిపోయింది. తలుపు పక్కన ఇత్తడి పలక. కన్నడంలో, ఇంగ్లీషులో రెండు వరసలు: కెప్టెన్ బసవరాజ్ నింగప్ప.

బసవరాజ్ కెప్టెన్ కాదు. నలభై ఏళ్ళు వచ్చినా, పదకొండేళ్ళ సర్వీసున్నా, ఇంకా కో-పైలట్. అది దేవికకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. జాబితాలో అతని పక్కనున్న అంకె కూడా ఆమెకి కంఠతా వచ్చు.

తలుపు తీసింది బసవరాజే. లుంగీ, బనీను, చేతిలో మిక్సీ మూత, స్క్రూడ్రైవరు. దేవికని చూశాడు. ఆమె చూస్తున్న పలకనీ చూశాడు. మొహం కందగడ్డలా అయిపోయింది.

"మీరేంటి ఇక్కడ?" అన్నాడు ఇంగ్లీషులో.

"తెలుగులో తిట్టుకుందామని వచ్చాను," అంది దేవిక తెలుగులో.

అతను జవాబు చెప్పేలోపే వెనకనుంచి వాళ్ళ నాన్న నింగప్ప, గనిలో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరైన మనిషి, "బర్రి, బర్రి, ఒళగ బర్రి," అని చేతులు జోడించి అందర్నీ లోపలికి పిలిచాడు. అమ్మ అయ్యమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. ఆవిడ పుట్టిల్లు తెలంగాణ సరిహద్దులో ఏదో పల్లె.

"ఎవరు బిడ్డ నువ్వు? మా బసుతోని నౌకరీ చేస్తవా? నువ్వు గుడ్క కెప్టెనేనా, మా బసు లెక్క?"

బసవరాజ్ స్క్రూడ్రైవరు వంక చూస్తున్నాడు. ఆ మూడు నెలల్లో దేవిక అతని మీద విసరాలనుకున్న మాటలన్నీ ఆ క్షణాన నోటి దాకా వచ్చి ఉండాల్సింది. ఒక్కటీ రాలేదు.

"అవునమ్మా," అంది. "ఆయన లెక్కే."

నాయనమ్మ అప్పటికే బియ్యం బస్తా దింపించి, అయ్యమ్మ పక్కన పీట లాక్కుని కూర్చుంది. "జొన్నల్లో రాళ్ళు ఇంతున్నాయేమమ్మా? గనిలో పండించారా?" అంది. అయ్యమ్మ పకపకా నవ్వింది. అక్కడినుంచి వాళ్ళిద్దరూ ఎవరికీ అందలేదు.

పక్కగదిలో దేవిక, బసవరాజ్ ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఆ బోర్డు మా అమ్మ పెట్టించింది," అన్నాడు బసవరాజ్ ముందుగా. ఇప్పుడు తెలుగులోనే. "రెండేండ్ల కింద. వచ్చే సంవత్సరం కెప్టెన్ అయితనని చెప్పిన. వచ్చే సంవత్సరం అన్న, మళ్ళ వచ్చే సంవత్సరం అన్న. నడుమల కంపెనీ విమానాలు కొనుడు బంద్ పెట్టింది. అమ్మ మాత్రం బోర్డు పెట్టించి ఊరంత పేడాలు పంచింది. ఇగ తీయమని ఎట్ల చెప్తరు?"

"మొదట్నుంచీ ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పాలె? నీళ్ళ సీసాలు ఇసిరేటోళ్ళకా?"

"సీసా విసిరింది మీవాళ్ళు!"

"మీవాళ్ళే!"

ఇద్దరూ గొంతు పెంచారు. ముందుగదిలో నవ్వులు ఒక్కసారి ఆగాయి. ఇద్దరూ గొంతు తగ్గించారు. ముందుగదిలో నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి.

"సరే, నా సంగతీ చెప్తాను," అంది దేవిక. "నాలుగేళ్ళుగా ఎడమ కుర్చీలో కూర్చుంటున్నాను. మంగళూరులో వానలో దిగాలా వద్దా అని నేనే తేల్చాను, రెండొందలమందికి. వెనక్కి తిప్పేశాను. కంపెనీ తిట్టింది, ప్రయాణికులు తిట్టారు. కానీ ఆ నిర్ణయం నాది. రేపు మీ జాబితా ప్రకారం వెనక్కి పంపిస్తే, నా పక్కన కూర్చున్నవాళ్ళని 'దిగుదామా సార్?' అని అడగాలి. జీతం తగ్గడం ఒక ఎత్తు. అది ఒక ఎత్తు."

బసవరాజ్ చేతిలోని మిక్సీ మూత కింద పెట్టాడు. "పదకొండేండ్లు నేను అదే అడుగుతున్న," అన్నాడు. "అలవాటైతది అంటరు. కాలేదు."

జీతం మాట వచ్చింది గనుక ముందు అదే తీశారు. అక్కడ పెద్ద విచిత్రం బయటపడింది. ఇప్పటికంటే తగ్గించి నెలకి అరవై గంటల జీతమే ఇస్తామంటే నీలాంబర్ వాళ్ళు ఒప్పేసుకున్నారు, మీరూ ఒప్పుకోండి అని బుల్‌బుల్ వాళ్ళకి యాజమాన్యం చెప్పింది. బుల్‌బుల్ వాళ్ళు ఒప్పేసుకున్నారని నీలాంబర్ వాళ్ళకి చెప్పింది. ఒప్పుకున్నవాళ్ళు అసలు ఎవరూ లేరు. దేవిక అతని ఫోన్‌లో యాజమాన్యం ఉత్తరం చదివింది, అతను ఆమె ఫోన్‌లో చదివాడు. రెండూ ఒకే రోజు, ఒకే మనిషి సంతకంతో వచ్చినవి.

"ఇద్దరికీ చెరో చెవిలో ఊదినారు," అన్నాడు గుమ్మంలో నిలబడి చాయ్ పట్టుకొచ్చిన నింగప్ప. ఆయనకి అంతకంటే చెప్పాల్సిందేమీ లేనట్టు గ్లాసులు పెట్టేసి వెళ్ళిపోయాడు.

దేవికకి నవ్వొచ్చింది. ఆపుకుంది. బసవరాజ్‌కీ వచ్చింది, అతనూ ఆపుకున్నాడు. మూడు నెలలు నడిచిన జీతాల యుద్ధం చాయ్ చల్లారకముందే అయిపోయింది. ఇద్దరిదీ ఒకే మాట: రెండు కంపెనీల జీతాల్లో ఏది ఎక్కువైతే అది అందరికీ.

ఇక జాబితా. ఫోన్ తెరమీద తొమ్మిది వందల అరవై పేర్లు కనిపించవు. బసవరాజ్ లేచి వెళ్ళి చేటలోంచి గుప్పెడు జొన్నలు, బస్తాలోంచి గుప్పెడు బియ్యం తెచ్చాడు. పదిమందికి ఒక గింజ. జొన్నలు నీలాంబర్, అరవై నాలుగు. బియ్యం బుల్‌బుల్, ముప్పై రెండు. ఇద్దరూ బండల మీద గొంతుక్కూర్చుని, చేరిన తేదీ ప్రకారం ఒకసారి పేర్చారు. బియ్యమంతా తోకలోకి పోయింది. హోదా ప్రకారం ఇంకోసారి పేర్చారు. జొన్నలు సగం తోకలోకి పోయాయి. వరసల్ని ముక్కలు చేసి కలిపారు, జరిపారు, ఒక్కో గింజకీ పోట్లాడారు. గంటన్నర పట్టింది. దాదాపు ఇద్దరికీ నచ్చే వరస ఒకటి తయారవుతోంది.

"ఇంత ఉక్కల ఎట్ల కూసున్నరు పిల్లలు," అంటూ అయ్యమ్మ లోపలికి వచ్చి ఫ్యాన్ స్విచ్ వేసింది.

ఫ్యాన్ అయిదులో ఉంది.

నీలాంబర్, బుల్‌బుల్ రెండూ కలిసి మంచం కిందికి ఎగిరిపోయాయి.

"మా కెప్టెన్లు!" అని దేవిక కేక పెట్టి మంచం కింద దూరింది. "ఆగుండ్రి, మావోళ్ళు గుడ్క!" అని అతను అటునుంచి దూరాడు. మధ్యలో ఇద్దరి తలలూ ఠప్పున కొట్టుకున్నాయి. దేవిక నెత్తి పట్టుకుని కూలబడింది. అంతే, అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. మంచం కింద దుమ్ములో, చేతిలో ఇరవైమంది పైలట్లతో, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా నవ్వింది. బసవరాజ్ ఏదో చెప్పబోయి చెప్పలేక, మంచం కోడుకి తల ఆనించి నవ్వాడు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా అయ్యమ్మ కూడా నవ్వింది. నాయనమ్మ వచ్చి ఒంగి చూసి, "మంచి చదువులు చదివించాం," అంది.

నవ్వు తగ్గాక దేవిక మంచం కిందనుంచే మాట్లాడింది. "బసవరాజ్ గారూ, గింజలొద్దు. ఇప్పుడు కూర్చున్న కుర్చీ ఎవరిదీ లాక్కోవద్దు. మా కెప్టెన్లు కెప్టెన్లుగానే ఉంటారు. కానీ ఇకమీదట ఖాళీ అయ్యే కెప్టెన్ పోస్టుల్లో మొదటివన్నీ మీలో పదేళ్ళు దాటినవాళ్ళకే. వాళ్ళయ్యేదాకా మావాళ్ళు ఒక్కరూ అడగరు."

అతను నవ్వు ఆపి చూశాడు. "మొదటివన్ని అంటే ఎన్ని?"

"నలభై."

"పదేండ్లు దాటినోళ్ళం ఎనభైమందిమి."

"ఎనభై అంటే మావాళ్ళు నన్ను కాలవలో తోస్తారు."

"సెలవులకు, ఊరు కోరుకునుడుకు మాత్రం చేరిన తేదీ చూడాలె."

దేవిక ఆలోచించింది. అంటే ఇంకో పదేళ్ళు దీపావళికి తను గాల్లోనే ఉంటుంది. "సరే," అంది.

క్వార్టర్స్‌లో ఫోన్ సిగ్నల్ సరిగ్గా లేదు. అందరూ బస్టాండ్ పక్క హోటల్‌కి నడిచారు. మండక్కి, అదే మన మరమరాలు, మిర్చి బజ్జీ చెప్పారు. చట్నీ గిన్నెకి ఇటు దేవిక ఫోన్, అటు బసవరాజ్ ఫోన్ ఆనించి ఇద్దరూ స్పీకర్ పెట్టారు. ఆమె ఫోన్‌లో బుల్‌బుల్ అధ్యక్షుడు కెప్టెన్ ఫెర్నాండెజ్. అతని ఫోన్‌లో నీలాంబర్ అధ్యక్షుడు కెప్టెన్ గ్రేవాల్. ఇద్దరికీ విడివిడిగా సంగతంతా చెప్పారు. రెండో ఫోన్ పక్కనే ఉందని ఎవరికీ చెప్పలేదు. దాయాలని కాదు. లింగసుగూరు బస్సు హారన్‌లో ఆ ముక్క కొట్టుకుపోయింది.

"నలభై చాలదు," అన్నాడు గ్రేవాల్. "ఆ బుల్‌బుల్ వాళ్ళతో డెబ్భై అని చెప్పు."

"డెబ్భయ్యా? మతి ఉందా? నలభై అయిదు!" అంది రెండో ఫోన్.

"ఎవరది?"

"ఫెర్నాండెజ్. నువ్వెవరు?"

నీళ్ళ సీసా ఎగిరిన రోజునుంచి ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

"అరవై అయిదు," అన్నాడు గ్రేవాల్ బిగుసుకుని.

"నలభై ఎనిమిది."

"అరవై."

"యాభై. ఇంక ఒక్కటి కూడా కుదరదు."

"అయితే జడ్జి దగ్గరే తేల్చుకుందాం!"

బజ్జీ నములుతున్న లక్ష్మీతిరుపతమ్మకి ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంకెలు మాత్రం అర్థమయ్యాయి. సింధనూరు సంతలో యాభై ఏళ్ళు బేరమాడిన మనిషి. గిన్నె మీదికి వంగింది.

"బాబూ, మీరెవరో గానీ, అటు అరవై, ఇటు యాభై. యాభై అయిదుకి ఇచ్చేసుకోండి నాయనా. మబ్బు పట్టింది, మేం జవళగేర దాకా పోవాలి."

దేవిక చెయ్యి చాచి నాయనమ్మని వెనక్కి లాగింది.

"ఎవరావిడ? ఏమన్నది?" అన్నాడు గ్రేవాల్.

బసవరాజ్ గొంతు సవరించుకున్నాడు. "యాభై అయిదు అన్నారు సార్. వాన వచ్చేటట్టుందట."

ముందుగా నవ్వింది ఎవరో దేవికకి తెలీదు. ఒక ఫోన్‌లో మొదలై రెండోదానిలోకి పాకింది. గ్రేవాల్ దగ్గేదాకా నవ్వాడు. "ఫెర్నాండెజ్," అన్నాడు, "యాభై అయిదు?"

"యాభై అయిదు. దేవికా, ఆవిణ్ణి సోమవారం తీసుకురావద్దు. యాభై అయిదుకి కూడా ఒప్పుకోదేమో."

దేవిక కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. బల్ల కదిలి మండక్కి పళ్ళెం బోర్లా పడింది. బసవరాజ్ నాయనమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. "ఏం యాభై అయిదో, నాకేం తెలుసు నాయనా," అందావిడ కంగారుగా. నింగప్ప హోటల్లో ఉన్నవాళ్ళందరికీ చాయ్ చెప్పాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరూ తాగారు. వానలో తిరిగొస్తుంటే, బంగారం గనే చూడలేదన్న సంగతి మస్కి దాటాక గానీ నాయనమ్మకి గుర్తు రాలేదు. బండి వెనక్కి తిప్పమంది. కోటి తిప్పలేదు.

సోమవారం జడ్జిగారు రెండు పక్షాల సంతకాలూ మూడుసార్లు చూసుకున్నాడు, నిజమేనా అని. పై నెలలో పైలట్లందరూ ఓటు వేశారు. వందకి ఎనభై మంది ఒప్పుకున్నారు. చెరో చెవిలో ఊదిన యాజమాన్యం, రెండు యూనియన్లూ ఒకే ఉత్తరం రాసేసరికి జీతాల దగ్గర కిక్కురుమనలేదు. యాభై అయిదుమందిలో బసవరాజ్ పంతొమ్మిదోవాడు. ట్రైనింగ్, పరీక్షలు అన్నీ అయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

కెప్టెన్‌గా అతని మొదటి విమానం హైదరాబాద్ నుంచి హుబ్బళ్ళికి. ఆ రోజు దేవిక సెలవు పెట్టింది. సెలవు దొరకడానికి తనకంటే సీనియర్లు ముగ్గుర్ని బతిమాలుకుంది. నాలుగో వరసలో కిటికీ దగ్గర అయ్యమ్మ, మధ్యలో దేవిక, ఇటు నాయనమ్మ. వెనక వరసలో నింగప్ప కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ముప్పై మూడేళ్ళు భూమి లోపలికి దిగినవాడికి ఇలా పైకి పోవడం అస్సలు నచ్చలేదు.

కాసేపటికి స్పీకర్‌లో గొంతు వినిపించింది. ఇంగ్లీషులో, కన్నడంలో అయ్యాక, "నేను మీ కెప్టెన్ బసవరాజ్. ఎడమ దిక్కు కిటికీలకెల్లి చూడుండ్రి, కింద కనవడేది రాయచూరు జిల్లా," అంది.

అయ్యమ్మ బెల్టు ఊడదీసి లేచి నిలబడింది. "నా కొడుకు!" అని విమానమంతా వినబడేలా చెప్పింది. ఎయిర్‌హోస్టెస్ పరిగెత్తుకొచ్చింది. నాయనమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అందరూ కొడుతున్నారు. దేవిక అయ్యమ్మని భుజాలు పట్టి కూర్చోబెడుతూ మళ్ళీ ఆ రోజులాగే నవ్వు ఆపుకోలేకపోయింది.

హుబ్బళ్ళిలో గాలి అడ్డంగా కొడుతోంది. విమానం నేల మీద దభీమని దిగింది. సామాన్ల అరలు గలగలలాడాయి, నాయనమ్మ దేవిక చెయ్యి పట్టేసుకుంది, నింగప్ప కళ్ళు తెరిచాడు.

"కొంచెం గట్టిగా దింపాడు," అంది దేవిక. బయటికి వెళ్ళగానే అతన్ని ఏడిపించడానికి మాటలు కూడబెట్టుకుంటోంది.

అయ్యమ్మ ఆమె వంక వింతగా చూసింది. "గట్ల దింపితెనే గద బిడ్డ," అంది, "దిగినట్టు తెలుస్తది."